మాస్టారు మౌసు పట్టిన నెల

మా కంప్యూటరు మాస్టారు పోయారు. గురువారం పొద్దున్న ముక్తేశ్వరం నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్య నిద్రలోనే వెళ్లిపోయేడండీ" అన్నాడు. కత్తెర పక్కన పెట్టేశాను. అయినా ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు సంతోషమే పొంగుకొస్తోంది. అది మీ అందరితో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను. ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

రాజోలులో నాది టైలరింగ్ షాపు. పై గదిలో మాస్టారి క్లాసులు. ఆయన బొంబాయిలో మెయిన్‌ఫ్రేమ్ మీద ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవారు. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల లెక్కలన్నీ ఒక్కచోటే చూసే మహా పెద్ద కంప్యూటరు. అది రాజోలులో ఎందుకుంటుంది? దాని తెరలాంటి తెరనే మామూలు కంప్యూటర్లలో పెట్టించి నేర్పేవారు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. ప్రతి వరసకీ ఎడమపక్క ఒక నంబరు. ఆ నంబరు మీద డి కొట్టి ఎంటర్ నొక్కితే వరస పోతుంది, ఆర్ కొడితే అదే వరస రెండవుతుంది. అంతా కీబోర్డుతోనే. కంప్యూటర్లతో వచ్చిన మౌసులన్నీ పీకేసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

"పాపం వాటినెందుకు మాస్టారండీ జైల్లో పెట్టేరు?" అని అడిగాను ఒకసారి.

"చెయ్యి అటెళ్తే బుర్ర కూడా అటే పోతాదండీ టైలరుగారూ" అన్నారు.

మా అమ్మాయి డిగ్రీ అవగానే ఆయన దగ్గర చేరింది. పైనుంచి దాని వేళ్ల టకటక వింటూ నేను కింద మిషను తొక్కేవాణ్ణి. హైదరాబాదులో ఉద్యోగం పరీక్షకి పిలుపొస్తే, ఉద్యోగమే వచ్చేసినట్టు వీధంతా చెప్పుకున్నాను.

రాలేదు. ప్రోగ్రాము రాసే తెరని ఎడిటరు అంటారట. అక్కడ ఇచ్చింది కొత్తరకం ఎడిటరు. దాంట్లో మాటలు రంగురంగులుగా ఉంటాయి, తప్పు రాస్తే కింద ఎర్రగీత పడుతుంది, సగం పని మౌసుతోనే. ఎక్కడ నొక్కాలో తెలిసేసరికి టైమైపోయిందంది.

నాకు ఒళ్లు మండి పైకి బయలుదేరాను. నాకన్నా ముందే అమ్మాయి వెళ్లింది. మెట్ల మీదే ఆగి విన్నాను.

"ఎర్రగీత చూసి దిద్దుకోడం కూడా ఓ చదువేనా అమ్మా? తప్పు రాయకుండా ఉంటే పోలా?" అన్నారు మాస్టారు.

"మరి మీకు కళ్లజోడెందుకండీ?" అంది మా అమ్మాయి.

పైన మౌసుల బీరువా తలుపు కిర్రుమంది.

"నేర్పకపోవడం నాదే తప్పమ్మా. ఇంకో పిలుపొచ్చేలోగా నేర్చేసుకుందాం. ముందు నాకు చెప్పు" అన్నారాయన.

పాత శిష్యుడొకాయన ఆ ఎడిటరుని సీడీలో పంపించాడు. నెల్లాళ్లపాటు మాస్టారు శిష్యుడు, మా అమ్మాయి మాస్టారు. ఆయన చేతుల కుర్చీలో అది, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన. నున్నటి బల్ల మీద మౌసు జారిపోతోందంటే, కాలరులో వేసే బక్రం మధ్యలో పెట్టి చిన్న గుడ్డ కుట్టి ఇచ్చాను.

"రెండుసార్లు నొక్కాలండీ మాస్టారూ."

"నొక్కేనమ్మా."

"అలా ఆగి ఆగి కాదండీ, గబగబా."

"తలుపు కొట్టినట్టా?"

"ఆయ్, పాలబ్బాయి కొట్టినట్టండీ."

ఒకరోజు అమ్మాయి ప్రోగ్రాము తప్పు లెక్క చూపించింది. ఎర్రగీత ఎక్కడా లేదు. మాస్టారు దాన్నే నల్లతెర మీద తెరిచి, పైన గడులు కొలిచే గీత పెట్టారు. వాళ్లు ప్రోగ్రాములు రాసే కోబాల్ అనే భాషలో డెబ్బై రెండో గడి దాటి రాసింది మిషను చదవదట. వాక్యం చివర చుక్క ఆ హద్దు అవతల పడింది. చుక్క కనపడక మిషను కింది వాక్యాన్ని కూడా పైదాంట్లో కలిపేసుకుంది.

"రాయడానికి నీ కొత్తదే హాయమ్మా, ఒప్పేసుకున్నాను. ఇచ్చేముందు మాత్రం ఒక్కసారి దీంట్లో చూసుకో" అన్నారు.

రెండో పరీక్షలో రెండు తెరలూ ఇచ్చి మీ ఇష్టం అన్నారట. అమ్మాయి కొత్తదాంట్లో రాసి, పాతదాంట్లో చూసుకుని ఇచ్చింది. ఉద్యోగం వచ్చింది. వీధివీధంతా పూతరేకులు పంచాను. మాస్టారు రెండు తిని మూడోది జేబులో పెట్టుకున్నారు.

పోయిన సోమవారం ముక్తేశ్వరం వెళ్లాను. క్లాసులు మానేశాక ఆయన తమ్ముడి ఇంట్లోనే ఉంటున్నారు. కొత్తగా చేరినవాళ్లకి పాఠాలు చెప్పే పని ఆఫీసువాళ్లు మా అమ్మాయికే ఇచ్చారని చెప్పాను.

"ఏ తెర మీద చెప్తాదండీ?"

"రెండూనండి."

"ఆయ్" అని తృప్తిగా తలూపారు. "మౌసు కుడిమీట నొక్కితే ఇంత పొడుగు పట్టీ వస్తాది చూడండి, దాంట్లో సగం నాకింకా తెలీదు. ఈసారి అమ్మాయొస్తే ఓ పూట పంపండి."

ఆదివారం వస్తోందని చెప్పి లేచాను. ఆటో ఎక్కి వెనక్కి చూస్తే కిటికీలోంచి కనిపించారు. కంప్యూటరు ముందున్న తన ప్లాస్టిక్ కుర్చీని పక్కకి జరిపి, చేతులున్న పెద్ద కుర్చీని లాక్కొచ్చి సరిగ్గా మధ్యలో వేస్తున్నారు.