సత్తెమ్మ పేరు మీద వచ్చిన బండి

2022. హైదరాబాదులో విదేశీ కార్లు అమ్మే ఒక షోరూంలో సేల్స్ మేనేజరుగా నాకప్పటికి ఎనిమిదేళ్ల అనుభవం. మాది భువనగిరి. ఊళ్లో ఎవరైనా "బిడ్డ ఏం చేస్తాంది?" అని అడిగితే మా నాయిన "కార్ల దుకాణంల" అని చెప్పేవాడు. ఆ దుకాణంలో ఒక్కో కారు వెల ఎంతో ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే అది మోసాల దుకాణమని ఉద్యోగం మానిపించేవాడు.

కార్లు అమ్మడమంటే కొనేవాళ్లను బతిమాలడమే అనుకుంటారు చాలామంది. కొన్ని బండ్ల విషయంలో మా దగ్గర కథ తలకిందులు. యూరప్‌లోని కంపెనీ ఒక మోడల్‌ను ప్రపంచం మొత్తానికి లెక్కగా కొన్నే తయారు చేస్తుంది. ఏ దేశానికెన్ని, ఏ డీలరుకెన్ని అని పంచుతుంది. ఆ వాటానే అలొకేషన్ అంటారు. డబ్బు సంచిలో వేసుకుని వచ్చినా బండి దొరకదు. కొనేవాళ్ల పేరు మేము సిఫారసు చేయాలి, పాత కొనుగోళ్లు చూసి కంపెనీ ఒప్పుకోవాలి. వాళ్ల భయమంతా ఫ్లిప్పింగ్ గురించే. అంటే బండి చేతికి రాగానే ఎక్కువ ధరకు ఇంకొకరికి అమ్ముకోవడం. అలా ఒక్కరు చేసినా, వాళ్లను సిఫారసు చేసిన డీలరుకు తర్వాతి మోడల్‌లో సున్నా. ఆ ఏడాది మా షోరూంకు వాటాగా వచ్చింది ఒకే ఒక్క బండి.

ఆ ఒక్క బండికి నేను అంజయ్యగారి పేరు పంపాను.

అంజయ్యగారిది మోత్కూరు. నేతవాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం మీద కూర్చోలేక లారీ మీద క్లీనరుగా ఎక్కినవాడు. తర్వాత లారీ కొన్నాడు, బోర్లు వేసే బండ్లు కొన్నాడు, యాభై ఏళ్లు వచ్చేసరికి మూడు కంకర క్రషర్లు నడుపుతున్నాడు. తెల్ల చొక్కా, కాళ్లకు చెప్పులు, జేబులో చిన్న టార్చిలైటు. షోరూంకు వస్తే అందరిలా రంగు చూడడు, సీటు నొక్కడు. ఇంజను స్టార్ట్ చేయమని, వెనక్కి వెళ్లి కళ్లు మూసుకుని వింటాడు. అప్పటికే మా దగ్గర రెండు బండ్లు తీసుకున్నాడు. వాటికి ఒక్క సర్వీసు కూడా ఆలస్యం కాలేదు. ఇంతకన్నా యోగ్యుడు నాకు కనపడలేదు.

వారం తిరగకముందే కంపెనీ నుంచి జవాబు వచ్చింది. "దరఖాస్తు చేసిన వ్యక్తి పేరు మీద మా బండి ఒక్కటీ లేదు. ఆయన వాడుతున్న రెండూ వేరొకరి పేరు మీద ఉన్నాయి. పది రోజుల్లో వివరణ ఇవ్వండి, లేదా మరో పేరు పంపండి."

పాత ఫైళ్లు తీసి చూశాను. రెండు ఆర్‌సీల మీదా ఓనరు పేరు సత్తెమ్మ.

తప్పు నాదే. రిజిస్ట్రేషన్ పని వేరేవాళ్లు చూసినా దరఖాస్తు నింపింది నేను. బేరం మాట్లాడింది మగమనిషి కాబట్టి ఓనరూ ఆయనే అని రాసేశాను. నేను ఆడదాన్నయి ఉండి కూడా అలా రాశానే అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా వ్యాపారంలో ఇంకొకరి పేరు మీద కొనడమనేది ఫ్లిప్పింగ్ చేసేవాళ్ల మొదటి ఆనవాలు. మా జనరల్ మేనేజరు ఒక్క మాటలో తేల్చేశాడు.

"జూబ్లీహిల్స్ కస్టమరు పేరు రెడీగా ఉంది. ఈయన్ని వదిలెయ్యమ్మా. రేపు ఏదైనా తేడా వస్తే పోయేది షోరూం పేరు, నీ ఉద్యోగం."

పది రోజులూ నాకే ఇమ్మని పట్టుబట్టి, అంజయ్యగారికి ఫోన్ చేశాను. ఈ బండి ఒక్కటి ఆయన పేరు మీదే తీసుకుంటానని రాసిస్తే వివరణ సులువవుతుందని చెప్పాను.

"అక్క పేరు మీద లేకుంటే నాకు బండే వద్దు మేడం," అన్నాడు.

"ఎందుకండీ అంత పట్టుదల?"

"నా పేరు మీద జిందగీల ఒకటే బండి కొన్న. మోటర్ సైకిల్. మూడో నాడు కాల్వల పడ్డది, నేను రెండు నెలలు దవాఖానల పడ్డ. గప్పుడు మా సత్తెమ్మక్క అన్నది, నీకు బండ్లు అచ్చిరావురా, నా పేరు పెట్టు అని. లారీ ఆమె పేరు మీద తీస్కున్న. గా దినం సంది వెనకకు చూడలె. మా అమ్మ పోయినంక నన్ను సాదింది గూడ ఆమెనే. ఆమె పేరు లేని బండి మా ఇంటి ముంగట నిలవడదు."

ఈ మాట యూరప్‌లో ఉన్నవాళ్లకు ఎలా చెప్పను? "అచ్చిరావడం" అనే సంగతి వాళ్ల దరఖాస్తులో ఏ గడిలో రాయను? రెండు రోజులు తల పట్టుకున్నాక తోచింది. ఆయన పేరు తీసేసి సత్తెమ్మ పేరునే పంపితే సరి. పాత బండ్లు రెండూ ఆమెవే. కానీ లైసెన్సు లేని, అరవై దాటిన మనిషి రేసు కారు లాంటి బండి అడుగుతోందంటే కంపెనీ ఊరుకోదు. ఆమెతో వీడియోలో మాట్లాడతాం అన్నారు. నేను మోత్కూరు బస్సెక్కాను.

తమ్ముడు కట్టించిన మూడంతస్తుల ఇల్లు. కింద పరిచిందంతా ఇటలీ పాలరాయి. ముందుగదిలో ఆ పాలరాయిని పలగ్గొట్టించి, గుంట తవ్వించి, మగ్గం పెట్టించుకుంది సత్తెమ్మ. కాళ్లు గుంటలో, కళ్లు దారం మీద. నేను వెళ్లేసరికి పోగు సరిచేస్తోంది. తలెత్తకుండానే, "జర ఆగు బిడ్డా, గీ పువ్వు కలవాలె," అంది.

ఆమె నేసేది రెండు వైపులా చిటికి కట్టిన పట్టుచీర. పడుగుకీ పేకకీ, అంటే నిలువు పోగులకీ అడ్డం పోగులకీ ముందే ముళ్లు కట్టి రంగులో ముంచుతారు. నేసేటప్పుడు అక్కడి మచ్చా ఇక్కడి మచ్చా సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే పువ్వు విచ్చుతుంది. వెంట్రుకవాసి తప్పినా చీర చెడుతుంది.

చదువు రాదంది. సంతకం మాత్రం వచ్చట. మొదటి లారీ కాగితాల కోసం తమ్ముడే పలక మీద దిద్దించాడట.

"వాడు నాకు నేర్పిన సదువు గదొక్కటే," అని నవ్వింది.

ఆమెకు జవాబులు నేర్పాలని నేను ఒక కాగితం రాసుకుని వెళ్లాను. కంపెనీ చరిత్ర, ఇంజను గొప్పతనం, మేము ఈ బండిని ఎంత గౌరవిస్తామో, అన్నీ ఉన్నాయి అందులో. చదివి వినిపించాను. శ్రద్ధగా విని, మడిచి, మగ్గం పక్కన గూట్లో పెట్టేసింది.

"వాళ్లు నన్ను అడుగుతరా, నీ కాయితాన్ని అడుగుతరా?"

మర్నాడు మధ్యాహ్నం ఆ మగ్గం ముందే లాప్‌టాప్ పెట్టాను. అంజయ్యగారు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్రషర్ల మీద అంతమందిని అదిలించే మనిషి, పరీక్ష హాలు బయట తండ్రిలా ఉన్నాడు. తెర మీద ఫ్యాక్టరీ నుంచి ఒకావిడ కనిపించింది. ఏ బండి ఎవరికివ్వాలో మా వైపు దేశాలకు తేల్చేది ఆవిడే. ఆమె ఇంగ్లీషులో అడగడం, నేను తెలుగులో చెప్పడం, మళ్లీ ఇంగ్లీషులో తిప్పడం.

"మీరు నడపరు కదా, మీ పేరు మీద ఎందుకు?" అని మొదటి ప్రశ్న.

"వాడు నడుపుతడు, నేను పక్కన కూసుంట. నా పేరుంటే వాడు పైలంగ నడుపుతడు. అక్క బండి గదా, గీతలు పడితే తిడత," అంది సత్తెమ్మ. నేను ఉన్నదున్నట్టు తిప్పాను. తెర మీద ఆవిడ చిన్నగా నవ్వింది.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. "ఏడాది తిరగకముందే ఎవరైనా చాలా ఎక్కువ ధర ఇస్తానంటే ఏం చేస్తారు?"

సత్తెమ్మ లాప్‌టాప్‌ను మగ్గం వైపు తిప్పమంది. తిప్పాను.

"గీ చీర చూపెట్టు ఆమెకు. ఏడాదికి రెండు దిగుతయ్, మస్తయితే మూడు. అడిగేటోళ్లు శానమంది. ఎవలకియ్యాలె అన్నది నేనే చెప్త. ఒకామె మస్తు బతిమాలి తీస్కపోయింది. నెల గాకముందే పట్నంల దుకాణంల పెట్టి ఎక్కువకు అమ్మింది. మల్ల ఆమె మొకం చూడలె నేను. పైసలు రాలేదని గాదు. నేను కండ్లు పెట్టి నేసింది కట్టుకునేటోళ్ల కోసం, అమ్ముకునేటోళ్ల కోసం గాదు. అమ్ముకునేటోళ్లకు నేనే ఇయ్యనప్పుడు, నేనెట్ల అమ్ముత?"

ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులోకి తిప్పాను. ఎనిమిదేళ్లుగా నేను కస్టమర్లకు నిగనిగలాడే మాటల్లో చెబుతున్న అలొకేషన్ అనే సంగతిని ఈమె ఒక గుంటలో కాళ్లు పెట్టుకుని నాకన్నా చక్కగా చెప్పేసింది. పైగా నేను చెప్పేవి కంపెనీ పెట్టిన షరతులు. ఆమె చెప్పింది తను పెట్టిన షరతు.

తెర మీద ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. చీర కోసం ఎంతకాలం ఆగాలని అడిగింది.

"రెండేండ్లు."

"మా బండికి ఏడాదిన్నరే," అందావిడ. తర్వాత లాకిన్ గురించి చెప్పమంది నాతో. బండి వచ్చాక రెండేళ్లపాటు అమ్మకూడదనే ఒప్పందం అది.

"రెండేండ్లేనా?" అంది సత్తెమ్మ, ఇంత తక్కువా అన్నట్టు. అది నేను తిప్పకుండానే ఆవిడకు అర్థమైంది.

గడువు ఇంకా మూడు రోజులు ఉండగానే ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. మా జనరల్ మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, "నువ్వు గట్టిదానివే," అన్నాడు. నాకు మాత్రం సత్తెమ్మే గట్టిదని తెలుసు. ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేస్తే అంజయ్యగారు సగం విని ఫోన్ అక్క చేతికిచ్చాడు. ఆమె, "అయితదని నాకెర్కనే బిడ్డా. నీ పేరు గూడ యాదిల పెట్టుకున్న. నీకో చీర ఉంది, ఆగు," అంది. ఏదో మాటవరసకు అందనుకున్నాను.

బండి 2023 చివర్లో వచ్చింది. మోత్కూరు స్పీడ్ బ్రేకర్లు దాటించడానికి అంజయ్యగారు ముందురోజే దారంతా కాలినడకన కొలుచుకొచ్చాడు. ఇంటి ముందు సత్తెమ్మ పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. తలుపు అంచున చిన్న లోహపు పలక మీద బండి నంబరు, కింద ఆమె పేరు చెక్కి ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు. చదివి చెప్పాను.

"కొన్నోళ్ల పేరు సరే. చేసినోళ్ల పేరేది?" అని అడిగింది.

నన్ను అంతవరకూ ఏ కస్టమరూ అడగని ప్రశ్న. వెనక అద్దం కింద ఇంజను చూపించాను. దాన్ని బిగించిన మెకానిక్ సంతకం ఉన్న రేకు ఒకటి దాని మీద ఉంటుంది. సత్తెమ్మ అద్దం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు చూసింది.

"మంచి పద్ధతి. మా చీరల మీద మా పేరుండదు," అంది. తర్వాత తమ్ముడి పక్కన ఎక్కి కూర్చుని, బజారంతా తిరిగొచ్చింది.

కొన్ని నెలలకు ఫోన్ వచ్చింది. "బిడ్డా, నీ చీర మగ్గం దిగింది. వచ్చి తీస్కపో."

వెళ్లాను. నెమలికంఠం రంగు చీర. కొంగు చివర, అంచు పక్కన, బొటనవేలంత మేర చిటికి కట్టి నేసిన మూడు వంకర అక్షరాలున్నాయి. సత్తెమ్మ. లారీ కాగితాల మీద, ఆర్‌సీల మీద, మా ఫారాల మీద నేను చూసిన అదే సంతకం. ఇన్నేళ్లలో ఆమె తన పనితనం మీద పెట్టిన మొదటి సంతకం అది.

ఇప్పుడు కొత్తగా చేరిన సేల్స్ వాళ్లకు మొదటి రోజు నేను అలొకేషన్ రూల్సు చెప్పను. ఈ కొంగు చూపిస్తాను. వస్తువు ఎంత అపురూపమైనదో దాన్ని చేసినవాళ్లకు తెలుసు, ఎవరికివ్వాలో కూడా వాళ్లకే తెలుసు, మనం మధ్యలో మాట చేరవేసేవాళ్లం, ఆ మాట తప్పు పోకుండా చేరవేస్తే చాలు అని చెబుతాను. నేను ఆ పని సరిగ్గా ఒకసారి చేశానన్న గర్వం నాకుంది. దాన్ని దాచుకోను.

ఆ రోజు చీర ఒళ్లో పెట్టుకుని, వేళాకోళానికి అడిగాను, "దీనికి లాకిన్ ఎన్నేళ్లమ్మా?" అని.

సత్తెమ్మ పోగు సరిచేస్తూ, తలెత్తకుండానే అంది.

"చినిగే దాంక."