సుగుణ మేడం తరఫున మాట్లాడాల్సిన రోజు

చిక్కడపల్లి లైబ్రరీ ముందు నుంచి ఆటోలో వెళ్తుంటే, మిర్చిబజ్జీలు వేగే వాసన తగలగానే ఇప్పటికీ నేను నిటారుగా సర్దుకుని కూర్చుంటాను. ఆ అలవాటు సుగుణ మేడం చేసింది. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో సివిక్స్ చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. అశోక్‌నగర్‌లో సొంత ఇల్లు. 2010లో జనగామ దగ్గరి మా ఊరి నుంచి గ్రూప్స్ పరీక్షలకు చదవడానికి వచ్చి, ఆ ఇంటి మేడమీద గదిలో దిగాను. ఆదివారం సాయంత్రం మేడం మాలాంటి వాళ్లకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసేవారు. బల్ల మీద బజ్జీల పొట్లం, బల్ల వెనక మేడం. సూటిగా జవాబు చెబితే గానీ పొట్లం విప్పేవారు కాదు. ఎన్ని ఆదివారాలు చల్లారిపోయిన బజ్జీలు తిన్నామో!

అందులో సగం పాపం నాదే. ఏం అడిగినా "ఒకవైపు చూస్తే... మరోవైపు చూస్తే..." అని మొదలుపెట్టేదాన్ని. కోచింగ్‌లో అలాగే నేర్పారు మరి. మేడం తల పట్టుకునేవారు. "ఏందే రజితా, రెండు దిక్కుల చూసుడేనా, ఎటన్న పోయేది ఉన్నదా?"

2012లో మేడంకు చిన్నగా పక్షవాతం వచ్చి తగ్గింది. ఆ తర్వాతి ఆదివారం అందరూ వెళ్లాక నన్ను మళ్లీ బల్ల ముందు కూర్చోబెట్టారు. "నేను దవాఖానల ఉన్న అనుకో. తెలివి లేదు, ఇంక రాదన్నరు. ఊపిరి మిషన్ పెట్టాల్నా అని డాక్టర్ నిన్ను అడుగుతున్నడు. చెప్పు."

"ఒకవైపు చూస్తే, మేడం..."

"చుప్! నీ అభిప్రాయం ఎవరడిగిండ్రు? నాకేం కావాల్నో చెప్పు."

"నాకేం తెలుసు మేడం?"

"మరి అడగవేందే!"

అడిగాను. అప్పుడు వాళ్లమ్మ సంగతి చెప్పారు. చివరి రోజుల్లో గొట్టాలు లాగేసుకుంటోందని ఆమె చేతులు మంచానికి కట్టేశారట. విప్పమని ఆమె కూతురి వైపు చూస్తూనే ఉందట. "డాక్టర్ వద్దన్నడని నేను ఇప్పలే. తొమ్మిది దినాలు. మా తమ్ముడు శంకర్ బయటనే కూసున్నడు, వానికి చెప్పలేకపోయిన." తెలివి వచ్చే ఆశ ఉంటే ఏ మిషనైనా పెట్టండి, లేకపోతే నన్ను వదిలేయండి అన్నారు. ఆ తమ్ముడు శంకరయ్య గారు విద్యానగర్‌లో ఉంటారు. ఆయన ఉండగా నేనెందుకని అడిగాను. "వానికి నేనంటే పానం. నన్ను ఇడ్వలేడు. నువ్వు జర మొండిదానివి." ఆ మాటలే కాగితం మీద రాసి, నా పేరు పెట్టి, సంతకం చేసి ఇచ్చారు. దవాఖానలో ఇది చెల్లుతుందో లేదో తనకు తెలియదనీ, చెల్లకపోతే నా నోటితో చెప్పాలనీ అన్నారు. నేను తల ఊపాను. లోపల మాత్రం భయంతో చచ్చిపోయాను.

మరుసటి ఏడు వానాకాలంలో ఒకరోజు పొద్దున మేడం వంటింట్లో పడిపోయారు. దవాఖానలో డాక్టర్ అన్నీ చూసి, మెదడులో చాలా రక్తస్రావం అయిందనీ, తెలివి రాదనీ చెప్పాడు. మిషన్ పెడితే కొన్నాళ్లు ఊపిరి మాత్రం ఆడుతుందట. నేను కాగితం ఇచ్చాను. చదివి, మీరేమవుతారని అడిగాడు. మేడమీద కిరాయికుంటానన్నాను. కాగితం తిరిగి ఇచ్చేసి, సంతకం తమ్ముడే పెట్టాలన్నాడు.

"పెట్టుండ్రి సార్, ఏమేమున్నయో అన్నీ పెట్టుండ్రి!" అన్నారు అప్పటికే అక్కడికి చేరుకున్న శంకరయ్య గారు. నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు బిడ్డా" అన్నారు.

"ఒకవైపు చూస్తే అంకుల్..." అన్నాను నేను! ఆ నోరు నాదేనా అనిపించింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. "మేడం వద్దన్నది అంకుల్" అన్నాను.

"కిరాయికున్న పిల్లవు, నీకెట్ల తెలుసు?"

వాళ్లమ్మ చేతుల సంగతి చెప్పేశాను. ఆయన బెంచీ మీద కూలబడ్డారు. "నేను తలుపు బయటనే ఉంటి గదా. ఒక్క మాట చెప్పకపోయె నాకు" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. చాలాసేపటికి లేచి, మిషన్ వద్దని సంతకం చేశారు. మర్నాడు మధ్యాహ్నం మేడం పోయారు. అప్పటిదాకా ఆమె చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. దశదిన కర్మ నాడు కూడా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ నెలలోనే గది ఖాళీ చేశాను. నేను చేసింది తప్పేమోనని ఎన్ని రోజులు కుమిలిపోయానో నాకే తెలుసు. ఒక్కోసారి మేడం మీద కోపం కూడా వచ్చేది. ఇంత బరువు నా నెత్తిన పెట్టి, సొంత తమ్ముడికి ఒక్క మాట చెప్పకుండా పోతారా అని.

2014లో కవాడిగూడలో ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరాను. ఒకరోజు శంకరయ్య గారు వెతుక్కుంటూ వచ్చారు. తిట్టడానికే వచ్చారనుకున్నాను. కుర్చీలో కూర్చుని, జేబులోంచి మడతపెట్టిన తెల్లకాగితం తీశారు. "బిడ్డా, నా తరఫున గూడ నువ్వే మాట్లాడాలె. నీ పేరు రాస్త."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కాగితం మాత్రం తీసుకోలేదు. "రాద్దాం అంకుల్. ముందు మీ కొడుక్కు చెప్పండి. నేను పక్కన కూర్చుంటా" అన్నాను. మేడం చేయలేకపోయింది ఆ ఒక్క పనే.

ఆ ఆదివారం విద్యానగర్ వెళ్లాను. నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకు గంట పట్టింది. మధ్యలో కొడుకు "ఇవేం మాటలు బాపూ!" అని లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, కుర్చీ తండ్రి దగ్గరికి జరుపుకుని, "మల్ల మొదటికెల్లి చెప్పు బాపూ, ఇంటున్న" అన్నాడు.