మూడు పాటలంత జిగురు

వీధిలో అందరూ ఆవిణ్ణి బైండరమ్మ అనే పిలుస్తారు. పన్నెండేళ్లు ఒక పెద్ద బైండింగు షాపులో పుస్తకాలు కుట్టీ కుట్టీ, ఒకరోజు ఉన్నట్టుండి మానేసి ఇంటి ముందుగదిలో సొంత షాపు పెట్టింది. పాత యజమాని నవ్వి, "మూడు నెలల్లో నీ బల్ల దగ్గరికి నువ్వే వస్తావమ్మా" అన్నాడు. రెండేళ్లయింది, వెళ్లలేదు. కానీ ఈమధ్య పని పలచబడి, ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.

షాపులో గోడ గడియారం ఉంది గానీ దాన్ని ఎవరూ ఖాతరు చేయరు. చేతులనిండా జిగురు, కళ్లు పని మీద. తీరిగ్గా ఉండేవి చెవులే. అందుకని బైండరమ్మ పన్నెండు పాటలు ఏరుకుంది. నెల రోజులు పరీక్ష పెట్టి మరీ ఏరింది. ఏడుపు పాటలకి చేతులు బరువెక్కాయి, తీసేసింది. గంతులేయించే పాటలకి అట్టలు వంకరపోయాయి, అవీ తీసేసింది. మిగిలినవి హుషారుగా, నిలకడగా సాగేవి. ఒక్కోటి ఐదు నిమిషాలు. పుస్తకం వెన్నుకి జిగురు రాసి, అట్ట అంటించి, ప్రెస్సులో బిగిస్తే మూడు పాటలయ్యేదాకా విప్పకూడదు. అదీ షాపు చట్టం.

ఆ చట్టం గిట్టని మనిషి ఒక్కరే, వదిన. భర్తకి అక్కగారు. రోజూ సాయానికి వస్తుంది, వస్తూనే "మళ్లీ అవే పాటలా తల్లీ, నా చెవులు చిల్లులు పడుతున్నాయి" అంటుంది. అనేసి కూర్చుని సాయంత్రం దాకా వింటుంది.

ఆ రోజు మాత్రం మామూలు రోజు కాదు. ఒక కాలేజీవాళ్లు నూట అరవై రికార్డు పుస్తకాలు ఇచ్చి చూశారు. నచ్చితే ఏడాది పనంతా ఈ షాపుకే. నచ్చకపోతే ఆ పాత బల్లే గతి. కుట్టుపని ముందే అయిపోయింది, అట్టలే మిగిలాయి. ఐదింటికి గుమాస్తా వస్తాడు.

తొమ్మిదింటికి స్పీకరు నొక్కగానే ఎన్నడూ వినని పాట గదిని అదరగొట్టింది. భర్త గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాడు.

"పాతవన్నీ చెరిపేసి కొత్తవి ఎక్కించాను. ఇవాళ నీకు ఊపు కావాలి కదా."

ఊపంటే అలాంటిలాంటి ఊపు కాదు. చేతులు వాటంతటవే ఆడాయి. పదేసి పుస్తకాలు ప్రెస్సులోకి వెళ్తున్నాయి, మూడు పాటలు కాగానే బయటికి వస్తున్నాయి. పదింబావుకల్లా ఎనభై అయ్యాయి. బైండరమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాత యజమాని ఎదురుగా ఉంటే ఓ దణ్ణం పెట్టి పంపేదే.

అప్పుడు వదిన ఒక పుస్తకం తెరిచింది. చొక్కా విప్పినట్టు అట్ట ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకోటి తెరిచింది. అదీ అంతే.

బైండరమ్మ జిగురులో నీళ్లెక్కువయ్యాయేమోనని డబ్బా కదిపి చూసింది. వదిన స్పీకరు వైపు వేలు చూపించింది.

"అందులో కాదమ్మాయ్, ఇందులో ఉంది. ఈ పాటలు రెండేసి నిమిషాలు కూడా లేవు. జిగురు ఎప్పుడు పట్టాలి?"

"నేనేదో ఊపు కోసం..." అన్నాడు భర్త.

"నీ ఊపు తగలెయ్యా. కత్తి పట్టుకుని ఆ జిగురు గీకు" అంది అక్కగారు.

ముగ్గురూ గీకి శుభ్రం చేసేసరికి పన్నెండు దాటింది. గడియారం చూస్తూ మొదలుపెట్టారు. తలలెత్తి ముల్లు వంక చూడటమే సరిపోయింది, చేతులు నత్తనడక నడిచాయి. ఇలాగైతే సగం కూడా తేలవు. బైండరమ్మకి ఏడుపొచ్చేసింది.

వదిన గొంతు సవరించుకుని మొదటి పాట అందుకుంది.

మాటలే కాదు, మధ్యలో వచ్చే వేణువు పెదాలతో, డప్పు బల్ల మీద వేళ్లతో. ఒక్క దరువు తప్పలేదు. అది కాగానే రెండోది, ఆ వెంటనే మూడోది, అదే వరసలో. తమ్ముడు గడియారం చూశాడు. పావుగంటకి అర నిమిషం తక్కువ. బైండరమ్మ ప్రెస్సు విప్పి అట్ట పట్టుకుని గుంజింది. ఊడలేదు. ఇక ఆ గదిలో చేతులు ఆగితే ఒట్టు. పన్నెండు పాటలు నాలుగు చుట్లు తిరిగాయి. తమ్ముడు మంచినీళ్లు అందిస్తూనే ఉన్నాడు. ఆఖరి పది పుస్తకాలు బయటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది, వదిన గొంతు పూర్తిగా పోయింది.

గుమాస్తా అట్ట పట్టుకుని ఒక పుస్తకాన్ని గాల్లో ఊపాడు. ఇంకోదాన్ని తిప్పి మరీ ఊపాడు. "పైనెల నుంచి మొత్తం మీకే పంపిస్తాం" అని సంతకం పెట్టి వెళ్లాడు. బైండరమ్మ సంతోషం పట్టలేక వదినని గట్టిగా వాటేసుకుంది.

"మీకా పాటలంటే గిట్టవు కదా వదినా."

వదిన మళ్లీ స్పీకరులోకి ఎక్కించడానికి ఓ కాగితం మీద పాటలన్నీ వరసగా రాసి తమ్ముడికి ఇవ్వబోయింది. బైండరమ్మ అందుకుని చూసింది. పన్నెండు ఉండాలి, పదమూడు ఉన్నాయి.

"ఈ చివరిది ఎవరిది?"

"నాది" అంది వదిన, పోయిన గొంతుతోనే. "మీకు ఏ పాట కావాలి అని రెండేళ్లలో ఒక్కసారైనా అడుగుతావేమోనని చూశాను."

బైండరమ్మకి తల కొట్టేసినట్టయింది. జిగురు చేత్తోనే కలం తీసుకుని, ఆ పాటని కింద కొట్టేసి అన్నిటికంటే పైన రాసింది.

"ఎంతసేపుంటుంది వదినా?"

"సరిగ్గా ఐదు నిమిషాలు. కొలిచే రాశాను."