రిపేరు అయినంకనే రిబ్బన్

నిన్న పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తుతుంటే మా క్లబ్ గ్రూప్‌లో మెసేజ్.

"యాదగిరన్న ఇక లేడు."

నమ్మబుద్ధి కాలేదు. ఆయన నంబర్‌కే ఫోన్ చేశాను. వాళ్ళబ్బాయి ఎత్తి, "కాకా... బాపు పోయిండు" అని ఏడ్చాడు. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది.

ముందు రోజు సాయంత్రమే నాతో ఫోన్లో పోట్లాడిన మనిషి!

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. జనగామలో యాదగిరన్నది టెంట్ హౌస్, నాది ఫొటో స్టూడియో. పెళ్ళయినా, పుట్టినరోజయినా, ఆయన షామియానా వేస్తే దాని కింద నా కెమెరా. మా సర్వీస్ క్లబ్‌లో కూడా ఇద్దరం ఒకేసారి చేరాం. ఊళ్ళలో మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టించడం, దానికి చందాలు పోగుచేయడం మా పని.

ఏ ఊరికి పోయినా అన్న ముందు మైకు పట్టుకునేవాడు కాదు. వ్యాన్‌లోంచి రెండు పొయ్యిలు దింపేవాడు. ఒకదాని మీద ఆ ఊరి బోరు నీళ్ళతో, ఇంకోదాని మీద మేం తెచ్చిన ప్లాంట్ నీళ్ళతో కందిపప్పు పెట్టేవాడు. బోరు నీళ్ళ పప్పు ఎంతకీ మెత్తబడేది కాదు. ఆడవాళ్ళు గరిటెతో నొక్కి చూసి, "గందుకేనా మా గ్యాసు గింత జల్ది అయిపోతాంది!" అనేవాళ్ళు.

ఇక మైకు ఎందుకు?

కానీ ఒక్క విషయంలో మహా మొండి. ప్లాంట్ మొదలుపెట్టగానే ఓపెనింగ్ చేయనిచ్చేవాడు కాదు. అది ఒకసారి చెడిపోవాలి. ఊరివాళ్ళే తలా ఇంత వేసుకొని బాగు చేయించుకోవాలి. అప్పుడే షామియానా, రిబ్బన్, ఫొటోలు.

ఓపెనింగ్ వద్దనే టెంట్ హౌస్ ఓనర్‌ను ఎక్కడైనా చూశారా? మేం చూశాం. తెగ ఏడిపించేవాళ్ళం కూడా.

దానికో కారణం ఉంది. జఫర్‌గఢ్ వైపు ఒక ఊళ్ళో ఎవరో పెట్టించిన ప్లాంట్ ఓపెనింగ్‌కు అన్నే షామియానా వేశాడు. కొన్నాళ్ళకు పెళ్ళి పని మీద అదే ఊరికి పోతే ప్లాంట్‌కు తాళం. మోటారు కాలిపోతే అడిగే దిక్కు లేదు. ఓపెనింగ్ నాడు కట్టిన బంతిపూల మాల ఎండిపోయి ఇంకా తలుపుకే వేలాడుతోంది. పెళ్ళివాళ్ళు క్యాన్లు కొనుక్కుంటున్నారు.

ఆ మాల అన్నను వదల్లేదు.

ఒకసారి మానుకోటలో ఒక పత్తి సేటు, "ఓపెనింగ్ లేకుంటే నేను పైసలియ్య" అని తేల్చేశాడు. మా ప్రెసిడెంట్ తల పట్టుకున్నాడు. అన్న మాత్రం సేటును టెంట్ వ్యాన్ ముందు సీట్లో కూర్చోబెట్టి, నేరుగా ఆ తాళం పడ్డ ప్లాంట్ దగ్గరికి తీసుకుపోయాడు. నేను వెనక గుంజల మధ్య కూర్చున్నా. నా నడుం సంగతి ఎవరికి పట్టింది?

సేటు ఆ ఎండిన మాలను పట్టుకొని చూశాడు. "గీ మాల ఎవ్వలు తియ్యలేదా?" అన్నాడు.

"తాళం తీసేటోడుంటే గద సేటూ, మాల తీసేటోడుండేది" అన్నాడు అన్న.

సేటు ఇచ్చిన డబ్బుతో పెట్టిన ప్లాంట్ ఇవాళ్టికీ నడుస్తోంది. దాని ఓపెనింగ్ రిపేరు తర్వాతే అయింది. సేటు వెనక వరుసలో కూర్చుని బూందీ తిన్నాడు.

ఇక మొన్నటి పోట్లాట. భూపాలపల్లి వైపు ఒక పల్లెలో మేం పెట్టిన ప్లాంట్ నెలల తరబడి బాగానే నడుస్తోంది. చెడిపోతే కదా రిబ్బన్! ఫొటోలేవని డోనర్లు గోల. తర్వాతి ఊరికి చందాలు ఆగిపోయాయి. ఆ రూల్ తీసేద్దామని క్లబ్‌లో సగం మంది అంటున్నారు. నాకూ విసుగొచ్చి, "అన్నా, మనమే పోయి ఒక నట్టు ఊడదీసొద్దామా?" అన్నాను.

అన్నకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నువ్వు ఊడదీస్తే బిగించేటోనివి గూడ నువ్వే అయితవ్. గది వాళ్ళది. జర ఓపిక పట్టు" అని ఫోన్ పెట్టేశాడు.

నాతో ఆయన ఆఖరి మాట అదే.

నిన్న సాయంత్రం ఆ పల్లె నుంచి ఇద్దరు ఆడవాళ్ళు బస్సులు మారి అన్న ఇంటికి వచ్చారు. వాళ్ళలో ఒకరు రాజక్క. ప్లాంట్ తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, మొన్న మోటరు కాలింది. మీకు చెప్తే అన్న ఉరికొస్తడని చెప్పలే. ఊరంత తలా ఇన్ని ఏసుకొని వైండింగ్ చేపిచ్చినం. నిన్న పగటీలి, బువ్వ తినే యాల్లకు, మల్ల నీళ్ళొచ్చినయ్. అన్నకు చెప్పుదామని పొద్దుగాల ఫోన్ చేస్తే పిలగాడెత్తిండు. గిట్లయిందన్నడు."

అంటే, మొన్న సాయంత్రం మేమిద్దరం ఫోన్లో అరుచుకుంటున్నప్పటికే అక్కడ నీళ్ళు వస్తున్నాయి. అన్నకు తెలియదు. ఒక్క రోజు ముందు తెలిసి ఉంటే ఎంత బాగుండేది! ఆ బాధ నాకు పోయేది కాదు.

రాజక్క సంచిలోంచి సీసా తీసింది. ఆ ప్లాంట్ నీళ్ళే. పాడె ఎత్తే ముందు అన్న నోట్లో అవే పోశాం.

అన్న దినాలు అయిపోగానే ఆ పల్లెలో ఓపెనింగ్. షామియానా అన్న గోదాంలోదే. గుంజలు పాతేది మా క్లబ్ మొత్తం, ప్రెసిడెంట్‌తో సహా. కత్తెర రాజక్క చేతికి. ఫొటోలు నేను తీస్తా.

తర్వాతి ఊరికి చందాలు రేపటి నుంచే మళ్ళీ అడుగుతాం. రూల్ మాత్రం మారదు. ముందే ఓపెనింగ్ కావాలనే డోనర్లు నాకు ఫోన్ చేయండి. వ్యాన్ తెస్తా. ముందు సీటు మీకే.

యాదన్నా, నువ్వన్నట్టే అయింది. వాళ్ళది వాళ్ళే బిగించుకున్నరు.

ఇగ నిమ్మళంగ పండుకో.