వీపు మధ్య జానెడు చోటు

హొన్నమ్మ ఇంటి వెనక, నీళ్ల తొట్టి పక్కన ఒక బండ ఉంది. ఇరవై రెండేళ్లు ఆమె మొగుడు పక్కీరప్ప సాయంత్రం పూట ఆ బండ మీద కూర్చున్నాడు.

కురుగోడు చుట్టుపక్కల మిరప చేలకు మందు కొట్టడం వాళ్లిద్దరి పని. పంపు అతని వీపున ఉండేది. నీళ్లు ఆమె నెత్తిన ఉండేవి. కాలువ నుంచి బిందెతో తెచ్చి, గుడ్డలో వడగట్టి, మందు కలిపి, సాలు చివర నిలబడేది. పంపు ఖాళీ అవుతోందని అతను చెప్పనక్కర్లేదు. చప్పుడు సన్నబడేది. ఆమె బిందె ఎత్తుకునేది. పిలుపు లేకుండా, చెయ్యి ఊపకుండా, ఇద్దరూ ఒకే చోటికి వచ్చేవారు.

మందు కొట్టినవాడు తన ఒళ్లు తాను ముట్టుకోకూడదు. ఆ ఊళ్లో అదొక కట్టడి. చేతికున్న విషం కంట్లోకి పోతుందని భయం. ఇంటికొచ్చినవాణ్ని ఇంకొకరు కడగాలి. హొన్నమ్మ ముందు మజ్జిగ పోసేది, మంట చల్లారడానికి. తర్వాత శీకాయ. తర్వాత గోరువెచ్చని నీళ్లు. ఉతికి ఉతికి మెత్తబడిన నీలం చీర ముక్క ఒకటి చేతికి చుట్టుకుని, మెడ నుంచి నడుము దాకా రుద్దేది. పంపు మూత కారేది కనుక వీపు మధ్యలోనే మందు ఎక్కువగా దిగేది. ఎడమ రెక్క కింద అతనికో పుట్టుమచ్చ ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు. చూసింది ఆమె ఒక్కతే.

వాళ్లకు పిల్లలు పుట్టలేదు. దాని గురించి మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. ఇద్దరూ మాటలు తక్కువ మనుషులు. బండ మీద మాత్రం అతను కళ్లు మూసుకుని, "రోంత పైన," అనేవాడు. ఆమె కొంచెం పైన రుద్దేది. "ఊఁ," అనేవాడు. ఒక కాపురంలో ఇంతకన్నా ఎక్కువ ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఒక ఏడు మిరప పూత మీదుండగా పక్కీరప్పకు దగ్గు పట్టుకుంది. బళ్లారి డాక్టరు ఎక్సరే చూసి, ఇంకో రెండేళ్లు పంపు మోస్తే మనిషి దక్కడన్నాడు. మందు చేత్తో కూడా ముట్టుకోవద్దన్నాడు. అతను నేల చూస్తుంటే తల ఊపింది హొన్నమ్మే. తిరుగు బస్సులో దొడ్డబసవన్నకు మొక్కుకుంది. పంపు నా మొగుడి వీపు దిగితే చాలు సామీ, అని.

దిగింది. ఆ ఏడే ఊళ్లో ఈరేశ్ మందు కొట్టే డ్రోను కొన్నాడు. ఎకరాకు పది నిమిషాలు. గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎరిగిన మనిషి కావాలని పక్కీరప్పను పిలిచాడు. ఇప్పుడతను గట్టు మీద టోపీ పెట్టుకుని నిలబడతాడు. బ్యాటరీలు మారుస్తాడు. గాలి సంగతి చెబుతాడు. ఒంటి మీద చుక్క పడదు. నీళ్లు డ్రమ్ముల్లో ఆటో మీద వస్తాయి. హొన్నమ్మ మిరపకాయలు కోసే కూలికి పోతోంది.

అతని దగ్గు తగ్గింది. గోళ్ల చుట్టూ ఊడిన తోలు మళ్లీ వచ్చింది.

"నీ అదృష్టమే అదృష్టం వదినా," అంది పక్కింటి యశోద. "మా ఆయప్పను నేను ఇంగా దినామూ తోమాల. నీ మొగుడు చూడు, ఆఫీసరు మాదిరి వస్తాండాడు."

"హౌదు," అని ఒప్పుకుంది హొన్నమ్మ.

"హౌదంటే నవ్వాల గదా! మొగం అట్ల పెట్టినావు ఏంది? సవతినేమన్నా తెచ్చినాడా?"

"తెచ్చినాడు. ఆరు రెక్కలుండాయి దానికి."

యశోద పడీ పడీ నవ్వింది. హొన్నమ్మా నవ్వింది. ఇంకేం చెబుతుంది? మొగుడు బతికాడు, అందుకే నాకు ఏడుపొస్తోందని ఎవరితో అంటుంది?

సాయంత్రం కాగానే ఆమె చేతులు పొయ్యి వెలిగించేవి. నీళ్లు కాగేవి, చల్లారేవి.

"ఏమ్మే, కట్టెలు ఏంటికి తగలేస్తావు?" అన్నాడు అతను. "నాకేం అంటలేదు. మొగం కడుక్కుంటే ఆయ్తు, అయిపాయ." కాసేపటికి మళ్లీ, "మెత్తని గుడ్డ ఉంటే ఇయ్యి. దాని కెమెరా తుడిచేదానికి. గట్టి గుడ్డయితే గీతలు పడతాయంట."

ఇంట్లో ఆ నీలం చీర ముక్క కన్నా మెత్తని గుడ్డ లేదు. ఇచ్చింది.

ఒకనాడు కూలి నుంచి కాలువ గట్టు మీదుగా వస్తూ అతన్ని చూసింది. డ్రోను పక్కన గొంతు కూర్చున్నాడు. చేతులకు ఈరేశ్ ఇచ్చిన తొడుగులు. గుడ్డ తడిపి పిండి తుడుస్తున్నాడు. ముందు పైభాగం. తర్వాత భుజాలు. తర్వాత రెక్కల కింద, మందు కారి ఆగినచోట, రెండుసార్లు. ఆ వరుస ఆమెదే. ఇరవై రెండేళ్లు కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి అందులో ఒక్కటీ మరిచిపోలేదు.

పిలవకుండా వచ్చేసింది.

రెండు రోజుల తర్వాత అటక మీద నుంచి పాత పంపు దించింది. వాళ్లకు కాలువ కింద అరెకరం మిరప ఉంది. తానే నీళ్లు మోసింది, తానే మందు కలిపింది, తానే కొట్టింది. మూత కారుతుందని అతను వీపుకు ప్లాస్టిక్ పట్టా కట్టుకునేవాడు, అయినా లోపలికి దిగేది. ఆమె పట్టా కట్టుకోలేదు. మరిచిపోయానని తర్వాత యశోదతో చెప్పింది. మరిచిపోలేదు.

ఇంటికొచ్చి బండ మీద కూర్చుంది. మజ్జిగ, శీకాయ, నీళ్లు పక్కన పెట్టుకుంది. వీపు మండుతోంది. వాకిలి చప్పుడుకు చెవి పెట్టింది.

"ఏమ్మే! ఏంది ఈ వాసన? పంపు దించినావా?"

"మన చేనికి కొట్టినా."

"సోమారం డ్రోను వస్తాదని చెప్పిన్లే? మతి ఉండాదా నీకు? నా మాదిరి రొమ్ము పాడు చేసుకుంటావా?"

అతని గొంతు వణికింది. ఆమె కోసమే వణికింది. ఆమె విన్నది.

"వీపు మండుతాంది," అంది.

అతను దగ్గరికొచ్చాడు. చెంబుతో మజ్జిగ పోశాడు. చల్లగా నడుము దాకా దిగింది. ఆమె కళ్లు మూసుకుంది.

"గుడ్డ యాడుండాది?"

"నీకిచ్చినా గదా."

అతను తన చేతులు చూసుకున్నాడు. "డ్రోను డబ్బాలో ఉండాది. చేతి తొడుగులూ ఆడనే. ఈరేశ్ ఇంట్లో."

"ఉత్త చేత్తో రుద్దయ్యా."

ఇన్నేళ్లలో ఆమె అతన్ని అడిగింది అదొక్కటే. వెనక అతని ఊపిరి వినబడుతోంది. చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"డాక్టరు మందు ముట్టుకోవద్దన్నాడు గదా మే," అన్నాడు మెల్లగా. "నువ్వే గదా తల ఊపినావు. ఉండు, యశోదను పిలుస్తా."

ఆ మాట నిజం. కొత్తగా తోలు వచ్చిన అతని వేళ్లు ఆమెకు గుర్తొచ్చాయి. బస్సులో మొక్కిన మొక్కూ గుర్తొచ్చింది.

"యశోద వద్దు. నువ్వు లోపలికి పో. వాసన కూడా తగలకూడదు నీకు."

అతను నిలబడ్డాడు. ఆమె తిరిగి చూడలేదు. తర్వాత తలుపు చేరవేసిన చప్పుడు వినిపించింది.

శీకాయ అరచేతిలోకి తీసుకుని తన ఒళ్లు తానే కడుక్కుంది. మెడ వెనక చెయ్యి పోయింది. కింద నుంచి నడుము దాకా పోయింది. పై నుంచి ఒక చెయ్యి, కింద నుంచి ఒక చెయ్యి. రెండూ కలవలేదు. మధ్యలో జానెడు చోటు మిగిలింది. మంట ఉన్నది అక్కడే.

ఆ చోట ఏదైనా మచ్చ ఉందో లేదో ఆమెకు తెలియదు.

"అయ్యిందా మే?" లోపలి నుంచి అడిగాడు.

"ఆయ్తు," అంది.