నల్లగుడ్డ కింద మా పాలకూర

పక్కచేను పత్తికి మందు కొట్టిన నాడు గాలి మా మడి దిక్కే వీచింది. పాలకూర కోతకొచ్చింది, తెల్లారితే కంపెనీ క్యాంటీన్‌కు ఇయ్యాలె. మా ఇంటామె యాదమ్మ మాత్రం, మందు పడలేదని తేలితేనే కోస్త, లేకుంటే దున్నిపారేస్త అని కూసుంది. గందుకే ఈ ప్రయాణం.

కర్దనూర్‌ల పొద్దున ఎనిమిదింటికి షేర్ ఆటో ఎక్కిన. పటాన్‌చెరు దాక ముప్పై రూపాయలు. ఒళ్లె మూటేందని డ్రైవర్ అడిగిండు. పాలకూరకు పానం బాగలేదు, డాక్టర్‌కు చూపియ్యబోతున్న అని మొఖం దిగాలుగ పెట్టి చెప్పిన. "టోకెన్ తీసుకున్నవా అన్నా?" అన్నడు. నాకు తగ్గోడే దొరికిండు. పటాన్‌చెరుల సంగారెడ్డి బస్సు పట్టుకుంటే ముత్తంగి కాడ లారీల నడుమ అరగంట ఇరుక్కున్నం. మీరు పోతే ఇంకింత ముందుగాల బయల్దేరుండ్రి.

మా అక్క బిడ్డ స్వప్న సంగారెడ్డిల కాలేజీ ల్యాబుల పరిశోధన చేస్తది. గాజుపలక మీద కంటికి ఆనని సన్నటి రేణువులు పూసి, వాటి మీద ఎంజైమ్ అతికించింది. వెలుతురు పడితే రేణువులల్ల కరెంటు పుడతది. ఆకురసంల మందుంటే ఎంజైమ్ మొద్దుబారి కరెంటు పడిపోతదట. పలకను లోపల లైటున్న డబ్బాల పెట్టి, బయటి వెలుతురు చొరకుండ మీద నల్లగుడ్డ కప్పింది.

ఆమె అటు తిరగంగనే గుడ్డ కొస లేపి వదిలిన, మళ్ల లేపిన. కంప్యూటర్ తెర మీద కరెంటు గీత ఎగిరెగిరి పడ్డది. మన పాలకూర డ్యాన్స్ చేస్తుందే అన్న. స్వప్న నవ్వలేదు.

"మామా, పలక ఒక్కసారికే పనికొస్తది. ఇగ ఒక్కటే మిగిలింది. గిది గూడ చెడగొడితే అత్త మడి దున్నుకోవాలె."

ఆమె ఆఖరి పలక మీద ఆకురసం వేస్తే, నేను రెండు చేతుల గుడ్డ పట్టుకొని నిలబడ్డ. ముక్కు దురద పెట్టినా కదల్లేదు. గీత పడిపోలేదు. పత్తికి కొట్టిన జాతి మందు మన ఆకుల లేదు మామా అన్నది స్వప్న.

యాదమ్మకు ఫోన్ చేసి, ఫెయిలైంది అన్న. "గట్లనా. అయితే రాత్రికి మడి మడంత నీకే వండుత." స్వప్న ఫోన్ గుంజుకొని నిజం చెప్పింది. "తెలుసు బిడ్డా," అన్నది యాదమ్మ, "ఫెయిలైతే గాయన గింత ఖుషీగ మాట్లాడడు. కొడవలి అప్పుడే పట్టిన."

వాపస్ బస్సుల కిటికీ పక్క సీటు దొరికింది. ఆకుల మందు పట్టనీకి గంత తతంగం గావాలె, నా గొంతుల అబద్ధం పట్టనీకి ఆమెకు ఫోనే సరిపోయింది అనుకుంట ఒక్కన్నే నవ్వుకున్న. మీరు పోతే ఆకును కడగకుండ కాగితంల చుట్టి, పక్కచేనుకు కొట్టిన మందు పేరు అడిగి రాసుకొని పోండ్రి. పేరు తెల్వకుంటే ఏ జాతి మందు కోసం చూడాల్నో వాళ్లకు ఎరుకగాదు.