ఐదింటి వేలిముద్ర

ఆకివీడు దగ్గర రొయ్యల షెడ్డులో ఆరేళ్లు తలలు తీశాను. పొద్దస్తమానం ఐసులో నానిన వేలిని హాజరు మిషను గుర్తుపట్టదు. అందుకని సాయంత్రం ఐదయ్యేసరికి దాని పక్కన వేణ్ణీళ్ల బకెట్టు పెట్టేవారు. వరసలో నిలబడి, బొటనవేలు ముంచి, వెచ్చబడ్డాక నొక్కేవాళ్లం. మిషను లెక్కలో డ్యూటీ దిగిపోయినట్టే. మేం మాత్రం మళ్లీ బల్ల దగ్గరికే, లోడు పూర్తయ్యేదాకా. ఇదేవిటండీ అని ఒక్కరం అడిగితేనా! ఆ వేణ్ణీళ్లు కాసేపు హాయిగా ఉంటాయని నేనైతే ఐదెప్పుడవుతుందా అని చూసేదాన్ని. నా మొహం.

నా పక్కన భీమడోలు నుంచి వచ్చే అక్క నిలబడేది. తోడబుట్టింది కాదు, నాకు పని నేర్పింది. ఓ రోజు ఆరున్నరకి ట్రే ఎత్తబోయి తడినేల మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. నేను ముందు కిందపడ్డ రొయ్యలు ఏరాను, తరవాత ఆవిణ్ణి లేపాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలీదు.

పనిలో ఉండగా తగిలిన దెబ్బని తేలితే వైద్యం, పరిహారం కంపెనీదే. మిషనేమో ఆవిడ ఐదింటికే వెళ్లిపోయిందంటోంది. లేబరాఫీసు నుంచి ఒకాయన విచారణకి వచ్చారు. సూపర్‌వైజర్ని బయటికి పంపేసి, తలుపు వేసి, నన్ను కూర్చోబెట్టారు.

"భయపడకమ్మా. రోజూ ఎన్నింటికి దిగుతారు?"

"ఐదింటికండి."

"ఆవిడ పడ్డప్పుడు నువ్వున్నావా?"

"లేనండి."

ఛీ, నా నోరు పడిపోనూ! ఎవరూ బెదిరించలేదు. రోజూ వేలితో చెప్పే అబద్ధమేగా, నోటికి అలవాటుగా వచ్చేసింది. తక్కినవాళ్లూ అదే చెప్పారట. ఆయన రాసుకుని వెళ్లిపోయారు. పనిలో తగిలిన దెబ్బ కాదని తేల్చేశారు.

ఆదివారం బత్తాయిలు పట్టుకుని అక్క ఇంటికెళ్లాను. కట్టు విప్పేశారు గానీ వేళ్లు ముడుచుకోవట్లేదు. తిడుతుందనుకున్నాను. ఎడంచేత్తోనే టీ కాచి ఇచ్చింది.

"ఆవేళ నన్ను లేపింది నువ్వే కదే?" అంది.

"నేనే అక్కా."

"నాకు తెలుసులే. ఆ లేబరాఫీసాయనకి చెప్పాల్సింది."

ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. టీ తాగేసి బస్సెక్కాను.

మర్నాడు ఐదింటికి బకెట్టులో వేలు ముంచాను. నా వెనకావిడ "అబ్బా, కాలిపోతున్నాయి" అని చెయ్యి లాక్కుంది. నాకేమీ తెలియలేదు. వేలు నొక్కి, బల్ల దగ్గరికి పోయాను.